కుడివైపు సీటు

నేనొక కారుని. కారంటే మీ వీధుల్లో చప్పుడు చెయ్యకుండా తిరిగే ఈ కాలపు డబ్బా అనుకునేరు! అమెరికాలో, డెట్రాయిట్‌లో పుట్టాను. ఎనిమిది సిలిండర్ల ఇంజిను. నావాళ్లని అక్కడ మజిల్ కార్లంటారు, కండలున్న బండ్లన్నమాట. నేను స్టార్టయితే పక్కవీధిలో పసిపిల్లలు నిద్ర లేస్తారు. పెట్రోలు ఎంత తాగుతానో మాత్రం అడక్కండి.

ఎవరో అమెరికా ఇంజినీరు నన్ను ఓడలో విశాఖకి తెచ్చుకుని, వెళ్లేటప్పుడు వదిలేసి పోయాడు. తర్వాత మద్రాసులో సినిమావాళ్లు కొన్నారు. ఎన్ని సినిమాల్లోనో విలన్ నాలోంచే దిగాడు. హీరోని ఒక్కసారి కూడా ఎక్కించలేదు, ఆ కోపం నాకింకా ఉంది. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టులో తేలాను. నా సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి.

అక్కడ నన్ను ఇనుము ధరకి కొన్నవాడు మెకానిక్ పూర్ణయ్య. "ఇంత చవగ్గా ఎవరిస్తారే నిన్ను, నా బంగారం!" అని బానెట్ నిమిరాడు. చవక అన్నందుకు ఒళ్లు మండింది గానీ, నిమిరాడు కదా అని ఊరుకున్నాను.

నా ఇంజిను దింపుతున్న రోజే ఆయన భార్య సామ్రాజ్యం షెడ్డుకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మకి బాలేదంట, ఆఖరి ఘడియలంట. రండి, తెనాలి పోదాం."

"ఒక్క గంటాగు, ఇది దింపేసి వస్తా" అన్నాడు. ఆ గంట సాయంత్రమైంది. వాళ్లు వెళ్లేసరికి ముసలావిడ కన్నుమూసింది.

ఆ తర్వాత సామ్రాజ్యం మొగుడితో మాట్లాడలేదు. మాటలన్నీ గోడకే. "ఎవరికన్నా ఆకలేస్తే అన్నం మూతపెట్టుంది" అనేది. ఈయనా గోడకే జవాబు చెప్పేవాడు, "ఎవరో పెరుగు మర్చిపోయారు" అని. ఏం మనుషులో, ఏం పద్ధతులో!

షెడ్డుకొచ్చి మాత్రం నా డోరుకి తల ఆనించి ఏడ్చేవాడు. "అత్తయ్య సంవత్సరీకానికి ఆవిణ్ణి నీలోనే తీసుకెళ్తానే. ఈసారి ఆలస్యం చెయ్యను. అప్పుడైనా నాతో మాట్లాడుతుందేమో."

ఇక చూడండి, తుప్పు గీకాడు, సొట్టలు తీశాడు, కార్బురేటర్ కిరసనాయిలుతో కడిగాడు. అసలు సామాను దొరక్క అంబాసిడర్ వైపర్లు, ట్రాక్టరు హెడ్‌లైట్లు బిగించాడు. ట్రాక్టరు కళ్లతో లోకాన్ని చూడాల్సొస్తుందని ఏనాడైనా అనుకున్నానా! స్టీరింగ్ మాత్రం అమెరికా పద్ధతిలో ఎడమవైపే ఉంచేశాడు.

సంవత్సరీకం రోజు పొద్దున సామ్రాజ్యం అరటిపళ్ల సంచీతో వచ్చి కుడివైపు సీట్లో కూర్చుంది. మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. దుగ్గిరాల దాటాక కాలవకట్ట రోడ్డు మీద పసుపు బస్తాల లారీ ఒకటి మా ముందు నత్తలా పోతూ అడ్డం తగిలింది. ఎడమవైపున్న పూర్ణయ్యకి దాని వెనకభాగం తప్ప ఏమీ కనబడదు. ఎదురుగా ఏమొస్తుందో కనబడేది సామ్రాజ్యానికే. ఆయన మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

ఆవిడ కిటికీ అద్దంతో అంది, "రోడ్డు ఖాళీగానే ఉందిగా, వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు."

ఆ డొంకతిరుగుడు మాట పూర్తయ్యి, అది తనకేనని తెలిసి ఆయన నన్ను పక్కకి తీసేసరికి ఎదురుగా బస్సు!

"అయ్యో, ఆగండీ!"

ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. నేను మళ్లీ లారీ వెనక్కి చేరాను. బస్సు హారన్ కొడుతూ పోయింది. నిజం చెప్తున్నా, నా ఎనిమిది సిలిండర్లూ దడదడలాడాయి.

ఏడాదిలో ఆవిడ ఆయనతో సూటిగా అన్న మొదటి మాట అదే. ఆవిడ అద్దం దించి, తల బయటికి పెట్టి చూసింది. "ఇప్పుడు పోనివ్వండి." పోనిచ్చాడు. "ఆగండి... ఆఁ, పోనివ్వండి." లారీ తర్వాత లారీ, దారంతా అదే వరస. పాపం, ఆ లారీల పుణ్యమా అని గోడకి సెలవు దొరికింది.

తెనాలి దగ్గర పడ్డాక పూర్ణయ్య వాచీ చూడటం మాని ఆవిడ వైపు తిరిగాడు. "ఆ రోజు నేను... ఇంజిను ఎక్కడికీ పోయేది కాదు సామ్రాజ్యం. అత్తయ్యే..."

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రోడ్డు వైపే చూసింది.

"పోనివ్వండి" అంది.

ముందు లారీ లేదు, బస్సు లేదు. అయినా ఆ మొద్దుమనిషి యాక్సిలరేటర్ తొక్కాడు! ఆవిడ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

స్టీరింగ్ కుడివైపుకి మార్పించమని ఆటోనగర్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. పూర్ణయ్య తల గోక్కుంటాడు. జవాబు సామ్రాజ్యమే చెబుతుంది.

"మారిస్తే నేనెక్కడ కూర్చోవాలి?"