చావు షాట్

మధుకర్ నాగ్వేకర్ తెర మీద చాలాసార్లు చచ్చాడు. జడ్జిగా, హెడ్ కానిస్టేబులుగా, పెళ్లికూతురి తండ్రిగా ఎవరో ఒకరి చేతిలో ఎలాగోలా పోయాడు. వేషాలన్నీ చిన్నవే, చావులు మాత్రం ఘనమైనవి. కానీ చావంటే భయం వేసింది ఇవాళే. ముంబై గోరేగావ్ స్టూడియోలో, సీరియల్లో తాత వేషంతో చావడానికి మంచం ఎక్కాడు.

చెవులు మొరాయించి ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు కళ్లు మూసుకోవాలి. డైరెక్టర్ తుషార్ 'కట్' అంటే తెలిసేదెలా? తాత పోయినా, వచ్చే నెల కథలోకి నాసిక్ నుంచి తాతగారి కవల తమ్ముడు దిగుతాడు. ఆ వేషమూ మధుకర్‌దే. చెవుడని తెలిస్తే ఎవరిస్తారు?

షాట్ అవగానే లైట్లు ఆర్పుతారు, మొహం మీద వేడి తగ్గుతుంది, అప్పుడు లేవొచ్చనుకున్నాడు.

కళ్లు మూశాడు. వేడి తగ్గలేదు. భార్య వేషం కట్టిన నళినీతాయి మీద పడి కుదిపేసింది, చెంపలు వాయించింది. అబ్బ, ఏం చేస్తోందీవిడ అని మెచ్చుకుంటూ ఊపిరి ఇంకా బిగబట్టాడు. మొహాన చల్లటి నీళ్లు పడ్డాయి. ఇది సీన్లో లేదే!

కళ్లు తెరిస్తే చుట్టూ పాలిపోయిన మొహాలు. కట్ ఎప్పుడో అయిపోయింది. చావు షాట్ అయ్యాక నటుడు లేచి కెమెరాలోకి నవ్వాలి, కీడు పోవడానికి; అది సినిమావాళ్ల ఆచారం. అందుకే అప్పటిదాకా లైట్లు ఆర్పరు. ఇన్ని చావులు చచ్చినవాడు భయంలో ఆ సంగతే మరిచిపోయాడు. నవ్వమన్నట్టు నళినీతాయి పళ్లు బయటపెట్టి చూపించింది. నవ్వాడు.

"కునుకు పట్టిందిరా నాయనా," అన్నాడు అందరితో.

"చచ్చి కూడా పెళ్లాన్ని ఏడిపించాలా? నా పై ప్రాణాలు పైనే పోయాయి గదయ్యా!" అంది నళినీతాయి.

అందరూ పగలబడి నవ్వారు. తుషార్ నవ్వలేదు.

తర్వాత మధుకర్ టీ దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న నళినీతాయి చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయి ఆగింది. ఎవరో పిలుస్తున్నారన్నమాట. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నారో! గిరుక్కున తిరిగాడు.

"ఆఁ, వినపడిందిలే బాబూ! చెప్పు," అన్నాడు హుషారుగా.

వెనక నిలబడ్డ తుషార్ నోటినిండా బిస్కట్టు ఉంది. అది నమిలి మింగేదాకా అతన్నే చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి, ప్రతి మాటా పెదాల మీద బాగా కనబడేలా నిదానంగా అన్నాడు.

"నేను పిలవలేదు కాకా."