పెద్దవాడెవడు

కుర్చీ రెండంగుళాలు ఎడమకు జరిగి ఉంది. సలోంగో కూర్చోలేదు. నిలబడే కీబోర్డు ఎత్తి దాని కింద చూశాడు. ఇంకెవరైనా అయితే తుడిచేవాళ్లు జరిపి ఉంటారని ఊరుకుంటారు. ఈయన తన నీడ ముందు నడిచినా ఎక్కడికి పోతున్నావని నిలదీసే రకం.

పొట్టి మనిషి, యాభై రెండేళ్లు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. కవలలు పుట్టిన నాటినుంచి కంపాలాలో అందరికీ ఆయన సలోంగో, అంటే కవలల తండ్రి. ముగెర్వా అన్న అసలు పేరు ఆఫీసు రికార్డుల్లోనే మిగిలింది. పదకొండేళ్లుగా ఆసుపత్రులకు శిశువుల వివరాలు చూపించే ప్రోగ్రామ్ రాస్తున్నాడు. మిగతావాళ్లు రాసింది చదివి, సరే అని సంతకం పెట్టడం కూడా ఆయన పనే.

ఆ పొద్దున పై అధికారిణి అతుహైరె నేరుగా ఆయన బల్ల దగ్గరికే వచ్చింది.

"మసాకా దారిలో ఉన్న ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది సలోంగో. మూర్ఛ మందు వాస్వాకు వెయ్యాలి. మన స్క్రీన్ మీద కాటో అని చూపిస్తోందట. ఆవిడ పాత కాగితం చూసుకుంది కాబట్టి సరిపోయింది. ఎవరి పనో సాయంత్రానికి చెప్పండి. వాళ్లు ఇక ఇక్కడ ఉండరు."

ముందు పుట్టినవాడు వాస్వా, తర్వాత పుట్టినవాడు కాటో. ఆ ఊళ్లో మాటలు రాని పిల్లలు తప్ప ఎవరూ తప్పు చెప్పరు. సలోంగో చూపు తిన్నగా కిటికీ వైపు పోయింది. అక్కడ వేరే దేశం ఇబాదాన్ నుంచి వచ్చిన బామిడెలె ఈల వేసుకుంటూ పని చేసుకుంటున్నాడు. చేరి ఏడాది కాలేదు, అప్పుడే అందరికీ టీ తెచ్చిపెడతాడు. ఊరికే టీ తెచ్చేవాణ్ణి ఎలా నమ్మడం? పదకొండింటికల్లా సలోంగో అధికారిణికి రాసి పంపేశాడు, నేను రాసిన ప్రోగ్రామ్ వరుసలు బామిడెలె మార్చాడని.

తీర్పు చెప్పేశాక విచారణ మొదలుపెట్టాడు.

ఆయన వరుసల్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండు అంకెల్ని ఒక క్రమంలో కట్టి ఉంచితే దాన్ని టుపుల్ అంటారు. ప్రతిచోటా విప్పి రాయడం విసుగని దానికో మారుపేరు పెట్టుకుంటారు. సలోంగో పెట్టిన పేరు 'జంట': ముందు పుట్టినవాడు, తర్వాత పుట్టినవాడు. బామిడెలె విడిగా 'తోబుట్టువులు' అని పెట్టుకున్నాడు: పెద్దవాడు, చిన్నవాడు. యంత్రానికి పేర్లతో పనిలేదు. లోపల ఉన్నవి ఇద్దరు పిల్లల నంబర్లు, రెండేసి అంకెలే కాబట్టి ఒకదాని చోట ఇంకోటి ఇచ్చినా నోరెత్తదు. అయినా రెండింటి అర్థమూ ఒకటేగా, తేడా ఎక్కడొచ్చింది?

మధ్యాహ్నం మటోకె, అదే ఉడికించిన అరటికాయ ముద్ద, తింటూ ఏమీ ఎరగనట్టు బామిడెలెను అడిగాడు.

"తమ్ముడూ, కవలల్లో పెద్దోడెవడు?"

"రెండోసారి పుట్టినోడే అన్నా. అదేం ప్రశ్న?"

"ముందు పుట్టినోడు చిన్నోడా? నీకు మతుందా?"

"మా యోరుబావాళ్లలో అంతే. పెద్దోడు కడుపులోనే కూర్చుని, నువ్వెళ్లి లోకం ఎట్లుందో చూసి రా అని చిన్నోణ్ణి తోలతాడు. పెద్దోడు ఎక్కడైనా ముందు లేచి పనికి పోతాడా?" నవ్వబోయి, సలోంగో ముఖం చూసి ఆగాడు. "కొంపదీసి నేనేమన్నా..."

"తిను," అన్నాడు సలోంగో.

ఆయన మాత్రం పళ్లెం వదిలి లేచాడు. గదికి వచ్చి, బామిడెలె రాసినదాన్ని సరేనన్నది ఎవరో చూశాడు. ముగెర్వా, అంటే తనే. పెద్దవాడు, చిన్నవాడు అని చదివి, ఇందులో అనుమానించడానికి ఏముందనుకున్నాడు ఆ రోజు. కుర్చీని, టీని, ఈలను అనుమానించినవాడు ఆ రెండు మాటల్ని నమ్మేశాడు.

నోరు మూసుకుంటే చాలు. రాసింది ఆమెకు చేరింది, ఆమె నమ్ముతుంది. బామిడెలె పోతాడు, తను ఉంటాడు. కుర్చీని రెండంగుళాలు కుడికి జరుపుకుని కూర్చున్నాడు. తర్వాత మారుపేర్లు రెండూ తీసేసి, ఒకదాని చోట ఇంకోటి ఇస్తే యంత్రం ఒప్పుకోకుండా రెండు వేరు రకాలుగా రాశాడు. లేచి అతుహైరె గదికి వెళ్లాడు.

"పొద్దున నేను రాసింది తప్పు మేడమ్. చదివి సంతకం పెట్టింది నేనే."

"అతని తప్పేం లేదా?"

"వాళ్ల ఊళ్లో ఏది నిజమో అది రాశాడు. అడగాల్సింది నేను. అడగలేదు."

ఆమె ఆయన పొద్దున రాసి పంపింది చెరిపేసింది. తప్పు చేసినవాళ్లు ఇక ఇక్కడ ఉండరన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఐదింటికి సలోంగో వెళ్లిపోయాడు. బామిడెలెకు ఏమీ చెప్పలేదు. దాటి పోతూ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. మర్నాడు బామిడెలె వచ్చేసరికి అతని బల్లమీద, పదకొండేళ్లుగా సలోంగో జేబు దాటి ఎరగని సొరుగు తాళంచెవి ఉంది.