తలుపుకి ఏ వైపు

నేను ఒక ఇత్తడి గడియను. జానెడు పొడవు, బొటనవేలంత లావు కడ్డీ, పట్టుకోవడానికి చిన్న పిడి. నన్ను తలుపుకి ఏ వైపు బిగించాలన్న దాని మీద ఆ ఇంట్లో గొడవ మొదలై అప్పటికే చాలాసేపయింది.

“గడియంటే లోపలే కదరా ఉండేది? మన పాతింట్లో ఇది లోపలే ఉండేది,” అంటోంది సామ్రాజ్యమ్మ.

“నీకు తెలీదు, ఊరుకోమ్మా. బయటే బిగించవోయ్,” అన్నాడు ఆమె కొడుకు కోటీశ్వరరావు.

వడ్రంగి సుభానీ ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్నీ పట్టుకుని నిలబడ్డాడు. “పడగ్గదికి బయటెందుకు సార్? లోపలున్నోళ్ళు ఎట్టా వస్తారు?”

“పిల్లి దూరుతోందయ్యా. పరుపులు పాడుచేస్తోంది.”

వంటగది గుమ్మంలో నిలబడ్డ కోడలు హేమలత, “మనింటికి పిల్లి ఎప్పుడొచ్చిందండీ?” అంది నవ్వుతూ. అతను తలతిప్పి చూశాడు. ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. సుభానీ నన్ను బయటి వైపే బిగించి, కడ్డీ దూరడానికి గుమ్మం చెక్క అంచులో గుండ్రంగా ఒక కన్నం తొలిచాడు. ఆ కన్నం గుర్తుపెట్టుకోండి. దాని పని ముందుముందు ఉంది.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. ఇసుక అచ్చులో మరిగే ఇత్తడి పోస్తే గట్టిపడ్డాను. ఒకామె నా ఒళ్ళంతా ఆకురాయితో రుద్ది, కడ్డీని అటూ ఇటూ జరిపి చూసి బుట్టలో పడేసింది. తర్వాత కొన్నాళ్ళు సామాన్ల కొట్లో వేలాడాను. వచ్చిన ప్రతి మనిషీ “దొంగల భయమండీ, గట్టిది చూపించండి” అనేవాడు. ఇన్నేళ్ళ బతుకులో నేను ఒక్క దొంగని కూడా చూడలేదు. నన్ను వేసింది ఎప్పుడూ ఇంట్లో మనిషికి భయపడే.

మొదట నన్ను వాడుకున్నది సామ్రాజ్యమ్మే. అప్పుడామె పడుచుపిల్ల. భర్త తాగి వస్తున్న అలికిడి వినగానే పిల్లాణ్ణి ఎత్తుకుని గదిలోకి పరుగెత్తి నన్ను తోసేది. అవతల్నించి తన్నులు. ఇవతల ఆమె నాకు వీపు ఆనించి కూర్చునేది. ఆమె ఒళ్ళో పిల్లాడి గుండె దడదడ నా దాకా వినపడేది. తెల్లారాక ఆమె ముఖం కడుక్కుని, భర్తకి కాఫీ ఇచ్చి, పక్కింటావిడతో “ఆయనకి కోపమే గానీ మనసు వెన్న” అని చెప్పుకునేది. మనుషులు అబద్ధాలు ఎంత శుభ్రంగా ఆడతారో అప్పుడే తెలిసింది నాకు.

ఆ పిల్లాడే కోటీశ్వరరావు.

తండ్రి పోయాక పాతిల్లు పడగొట్టారు. ఆమె తలుపులన్నీ వదిలేసి నన్నొక్కదాన్నీ పాత చీరముక్కలో చుట్టి తెచ్చుకుంది. కొడుకు కొత్తింట్లో గడియ కావాలన్నప్పుడు తనే మురిసిపోతూ తీసి ఇచ్చింది.

పిల్లి రాలేదు. ఒకరోజు పొద్దున హేమలత తమ్ముడు మురళితో ఫోన్లో మాట్లాడుతూ గట్టిగా నవ్వింది. “పొద్దున్నే ఎవడితో ఆ ఇకఇకలు?” అంటూ కోటీశ్వరరావు ఆమెని గదిలోకి తోసి నన్ను వేశాడు. ఆఫీసుకి బయల్దేరేముందు తీశాడు. ఆ తర్వాత తీయకుండానే వెళ్ళడం మొదలెట్టాడు. కూర చల్లారిందని ఒకసారి, ఎదురింటివాళ్ళతో మాట్లాడిందని ఒకసారి. లోపల ఆమె తలుపు కొట్టేది కాదు, నలుగురూ వింటారని. సాయంత్రం స్కూటర్ వీధి మలుపు తిరిగిన చప్పుడు వినగానే మంచం దగ్గర్నించి గోడ దాకా జరిగేది. నేను వెనక్కి జరిగే ఆ ‘టక్’ మనే శబ్దం ఉంది చూశారూ, దానికి ఆమె ఒళ్ళు ఎంత ఉలిక్కిపడేదో చెక్కకి ఇవతలున్నా నాకు తెలిసేది. తలుపు తీశాక జరిగేది ఇంకా భయంకరం.

సామ్రాజ్యమ్మ తలుపు పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వొలిచేది. చెయ్యి నా దాకా వచ్చేది. పిడికి తగిలేది. “వాడికి తెలిస్తే...” అనుకుంటూ చెయ్యి వెనక్కి తీసుకునేది. ఆ వేళ్ళు నేనెరిగినవే. ఆ భయమూ నేనెరిగినదే.

ఒక మధ్యాహ్నం మనవరాలు చైత్ర బడి నుంచి కాలిపోయే జ్వరంతో వచ్చింది. “అమ్మేదీ? అమ్మ కావాలి,” అని తలుపు దగ్గరే కూలబడింది. సామ్రాజ్యమ్మ ఒక్కసారి వీధిలోకి చూసి, నన్ను లాగేసింది. “పిల్లని ఆసుపత్రికి తీసుకుపోమ్మా,” అంది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

ఇక్కణ్ణించి కొంత విన్నది చెప్తాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లకి మందు రాస్తూ తల్లి మణికట్టు చూసింది. “ఇదేంటి?” అంటే, “బాత్‌రూంలో జారానండీ,” అంది హేమలత. “బాత్‌రూముకి అయిదు వేళ్ళుంటాయా?” అంది ఆవిడ. దెబ్బలన్నీ కాగితం మీద పెట్టి, గృహహింస కేసులు చూసే రక్షణాధికారి విజయశ్రీకి ఫోన్ చేసింది. హేమలత మురళి ఇంటికి వెళ్ళిపోయింది. విజయశ్రీ ఆమె చెప్పిందంతా రాసుకుని, మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయించింది.

నోటీసు ఇంటికొచ్చింది. ఎవరో ప్లీడరు చెప్పినట్టున్నాడు, కోటీశ్వరరావు ఆదరాబాదరా నన్ను ఊడదీశాడు. మర కన్నాలు లప్పంతో పూడ్చి, పైన రంగేశాడు. నన్ను కాలవలో పారేయబోతుంటే వాళ్ళమ్మ అతని చేతిలోంచి లాక్కుంది. “ఇత్తడిరా! పారేస్తావా?” అంటూ వంటింట్లో చింతపండు జాడీలోకి తోసేసింది. ఆ చీకట్లో పులుపు తగిలి, దిక్కుమాలినదాన్ని నేను మెరవడం మొదలెట్టాను.

విజయశ్రీ ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు ఆ జాడీలోంచే అంతా విన్నాను.

“తలుపుకి కొత్తగా రంగేశారే? ఒక్క తలుపుకేనా?”

“పాడైపోతేనండీ.”

ఆమె అడుగుల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “ఈ కన్నం దేనికండీ?”

లప్పం తలుపుకి పెట్టాడు గానీ గుమ్మం మాట మరిచిపోయాడు. ఆమె వేలు అందులో దూరిందట.

“అది... క్యాలెండర్ తగిలించడానికి.”

“గుమ్మం అంచులో తగిలిస్తే తలుపు పడుతుందా? మీరు చెప్పండమ్మా, ఇది దేనికి?”

ఆ ప్రశ్న సామ్రాజ్యమ్మకి. ఆమె లేచి వంటింట్లోకి వచ్చి జాడీ మీద చెయ్యేసి నిలబడింది. అంతే, తిరిగి వెళ్ళిపోయింది. విజయశ్రీ కన్నానికి ఫోటో తీసుకుంది.

కోర్టులో మొదటిరోజు, జనం ఎక్కువై భార్యాభర్తలిద్దరూ ఒకే వరండాలో ఒకే బల్ల మీద కూర్చోవాల్సి వచ్చిందట. ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకుని పళ్ళు టకటకలాడకుండా పట్టుకుందని తర్వాత తమ్ముడితో చెబుతుంటే విన్నాను. అతని ప్లీడరు “చిన్న మాట పట్టింపండీ” అని, జవాబు వేయడానికి వాయిదా అడిగాడు. మేజిస్ట్రేటు వాయిదా ఇచ్చారు. అయితే డాక్టరమ్మ కాగితం, విజయశ్రీ నివేదిక, ఆ కన్నం ఫోటో చూసి తాత్కాలిక ఉత్తర్వు కూడా ఇచ్చారు. భార్యని కొట్టకూడదు, బెదిరించకూడదు. ఆమే, పిల్లా ఆ ఇంట్లోనే ఉంటారు. కేసు తేలేదాకా అతను వేరేచోట ఉండాలి. అమలు పోలీసులు చూసుకోవాలి.

ఉత్తర్వు అంటే కాగితం. కాగితం తలుపుకి అడ్డం నిలబడుతుందా అని హేమలత భయం. పోలీసామె తోడు రాగా ఆమె ఇంట్లో అడుగుపెట్టిన రోజు, అత్తగారు జాడీలోంచి నన్ను తీసి, కడిగి, కోడలి అరచేతిలో పెట్టింది. హేమలత నన్ను చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. నేనేం చేయను? నా బతుకే అలాంటిది. నాకు వైపులు లేవు, బిగించినవాళ్ళదే నేను.

సుభానీ వచ్చాడు. “ఈసారి ఏ వైపమ్మా?”

“లోపల.”

కోటీశ్వరరావు అక్క ఇందిర ఇంటికి చేరాడు. కొన్నాళ్ళు రాలేదు. ఒక సంధ్యవేళ వచ్చాడు. అన్నం తిని పోతానంటే తల్లి మనసు ఊరుకోక వీధి తలుపు తీసింది. హేమలత పిల్లని లాక్కుని గదిలోకి వచ్చి నన్ను తోసింది, పోలీసులకి ఫోన్ కలిపింది.

“హేమా, తలుపు తియ్యి. మాట్లాడుకుందాం,” అన్నాడు మెత్తగా. తర్వాత తన్నాడు. నా మర ఒకటి కదిలింది. ఇంకో తన్ను. చెక్క చిట్లింది. పిల్ల గుండె దడదడ మళ్ళీ నా దాకా వినపడింది. నిలబడతానో లేదో నాకే తెలియలేదు.

అప్పుడు అవతల సామ్రాజ్యమ్మ గొంతు వినిపించింది. “ఒరేయ్ కోటీ. మీ నాన్న కూడా ఈ గడియనే ఇట్టాగే తన్నేవాడురా. నువ్వు నా ఒళ్ళో ఉండేవాడివి.”

తన్ను మళ్ళీ పడలేదు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. ఉత్తర్వు మీరడం అదొక్కటే వేరే నేరమట. ఇంకో కేసు పెట్టారు.

ఆ మాట వినగానే కుటుంబమంతా కదిలింది. వాయిదా ముందురోజు హాల్లో కూర్చున్నారు. నా గది తలుపు తెరిచే ఉంది.

“బెయిలు మీద వచ్చాడు, చిక్కి సగమయ్యాడు. వాడు జైలుకి పోతే నీకేం ఒరుగుతుందమ్మా? పెద్దవాళ్ళం రాజీ చేస్తాం, కేసు వెనక్కి తీసుకో,” అంది ఇందిర.

“పిల్ల ఉంది కదక్కా. ఒకసారి ఆలోచించు,” అన్నాడు మురళి నేల చూస్తూ.

హేమలత టీ గ్లాసుల పళ్ళెం బల్ల మీద పెట్టింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“రేపు కోర్టుకి వెళ్తున్నా,” అంది, మెల్లగానే అయినా అందరికీ వినపడేలా. “రాజీ లేదు. నాకు భయం పోయిందనుకోకండి. భయంతోనే వెళ్తున్నా.”

చిక్కుళ్ళ చేట పక్కకి జరిపి సామ్రాజ్యమ్మ లేచింది.

“మురళీ, ఆటో అతనికి ఇద్దరమని చెప్పు బాబూ. ఆ కన్నం దేనికని విజయశ్రీ గారు అప్పుడు నన్నడిగారు. రేపు చెప్తాను.”