చేపలు వద్దన్న ఇసుక

మా ఆయన జగన్నాధానికి సాలూరులో రెండు లారీలున్నాయి, హాల్లో ఒక చేపల తొట్టి ఉంది. లారీలు మాకు అన్నం పెడతాయి, తొట్టికి మేం పెడతాం. నాలుగడుగుల అద్దాల తొట్టి అది. లోపల పచ్చటి మొక్కలు, వాటి మధ్య ఏంజిల్ చేపలు. పెళ్లికొచ్చిన వియ్యపురాళ్లలా ఎవరినీ లెక్కచేయకుండా తిరుగుతుంటాయి.

నాకు మాత్రం వంటగది లేదు. ఉన్నదాన్ని వంటగది అని మా ఆయన ఒక్కడే అంటాడు. పెరట్లో మూడు వైపులా తడికెలు, పైన రేకు. వాన పడితే పులుసులో నీళ్లు నేను పోయనక్కర్లేదు. గోడలు కట్టించమని పోరి పోరి నా నోరు పడిపోయింది గానీ, ఆయన దగ్గర ఒకటే జవాబు.

"ఇసక దొరకట్లేదే కూర్మీ. నన్నేటి సెయ్యమంటావు?"

నిజంగానే ఇసుకకి కరువొచ్చిన రోజులవి. ఊళ్లో చాలా ఇళ్లు పిల్లర్ల దగ్గరే ఆగిపోయాయి. అందుకే నమ్మాను.

ఇంతలో తొట్టిలో మొక్కలు పసుపెక్కాయి. మా ఆయన ఫోన్లో వీడియోలు చూసి, రోగం ఆకుల్లో లేదు, అడుగున ఉందని తేల్చాడు. చీపురుపుల్లతో అడుగునున్న నీలం గులకరాళ్లలో పొడిస్తే బుడగలు లేచి, కుళ్లిన కోడిగుడ్డు వాసన హాలంతా పాకింది. ఆ నీలం రాళ్లు తీసేసి, కింద బంకమట్టి పరిచి, పైన రెండంగుళాల ఇసుక కప్పితే వేర్లు ఊపిరి పీల్చుకుంటాయట. ఇరవై ఏళ్లుగా ఆ తడికెల మధ్య పొయ్యి పొగలో నేనేం పీలుస్తున్నానో ఆయనకి ఏ వీడియోలోనూ కనబడలేదు.

మా తమ్ముడు కొండబాబు మా లారీయే తోలుతాడు. మా పుట్టిల్లు సముద్రం ఒడ్డున కళింగపట్నం. వాడు అక్కణ్నుంచి ఎండుచేపల లోడు తెస్తుంటాడు. మా ఆయన వాడికి ఫోన్ చేసి, "ఒరే, ఈసారొచ్చినప్పుడు ఇసక తేరా" అన్నాడు. ఎంతో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు.

ఈలోగా తొట్టి ఖాళీ చేశాడు. చేపల్ని పాత నీళ్లతోనే టబ్బులో వేసి గాలి మోటారు పెట్టాడు. మొక్కల్ని తడి గోనెలో చుట్టాడు. పాత రాళ్లు గుప్పెడు మాత్రం దాచాడు. పాలకి తోడు పెట్టినట్టు, కొత్త ఇసుకలో ఇవి కలపాలట.

రెండోనాటి పొద్దున్నే లారీ వచ్చి గుమ్మానికి అడ్డంగా ఆగింది. మేం బయటికొచ్చేసరికి కొండబాబు, క్లీనరు కలిసి కొండంత ఇసుక దింపేశారు.

"ఏట్రా ఇది?" అన్నాడు మా ఆయన.

"ఇసకే బావా. నువ్వే గదా తెమ్మన్నావు."

"సేపల తొట్టికి రా! రెండు బకెట్లు సాలు!"

"లారీ ఓడికి ఫోన్ సేసి తెమ్మంటే బకెట్టుతో తెస్తాడేటి? మా అప్ప ఒంటిల్లు మొదలెట్టీసినావనుకున్నాను."

నేను గరిటెతో గుమ్మంలోనే నిలబడిపోయాను. నాకు ఇన్నేళ్లూ దొరకని ఇసుక, చేపలకి ఒక్క ఫోన్‌తో ఇంటికొచ్చేసింది. కోపం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది.

ఆ ఇసుకంతా ఎండుచేపల కంపు. వీధిలో పిల్లులన్నీ వచ్చి గుట్టెక్కి కూర్చున్నాయి. పక్కింటి దాలమ్మ వచ్చి, "ఇల్లు కడతన్నారేటి? సెప్పనేదు!" అని నిష్ఠూరమాడి, బేసిన్లో కాస్త ఎత్తుకుపోయింది.

మా ఆయన మాత్రం బకెట్లో ఇసుక వేసి కడగడం మొదలుపెట్టాడు. నీళ్లు తేరేదాకా కడిగి, ఊరగాయకి తెచ్చుకున్న నా నిమ్మకాయ కోసి దానిమీద పిండాడు. బుసబుసమని నురగ లేచింది.

"నురగొచ్చిందంటే గవ్వ పొడిరా ఇది! రేవు ఇసక! ఉప్పు! ఇందులో సేపలు బతకవు" అని కొండబాబు మీద ఎగిరాడు.

తర్వాత కాసేపు ఆలోచించి, మొహం వెలిగించుకుని నా దగ్గరికొచ్చాడు.

"కూర్మీ, ఈ ఇసకంతా నీకే ఇచ్చీసినాను. ఒంటిల్లు కట్టించుకో."

అబద్ధమెందుకు, ఆ క్షణాన ప్రాణం లేచొచ్చింది. కానీ వెంటనే మా పుట్టింటి గోడలు కళ్లముందు కదిలాయి. రేవు ఇసుకతో కట్టినవే. ప్రతి వానాకాలం చెమ్మెక్కి, గార పెచ్చులు ఊడి మా అమ్మ వండిన అన్నంలో పడేవి.

"సేపలకెందుకు పనికిరాదన్నావు?" అనడిగాను.

"ఉప్పు గదే. తట్టుకోనేవు."

"మరి నాను తట్టుకుంటానా?"

కొండబాబు, "నాను లారీ కడుక్కొస్తాను" అని మెల్లగా జారుకున్నాడు.

"సేపలు ఏ ఇసక మీద బతుకుతాయో, ఆ ఇసకతోనే నాకు గోడలు లెగాలి. అందాకా పొయ్యి ముట్టించను" అని చెప్పేసి, పిల్లుల్ని తోలి ఆ గుట్టమీదే కూర్చున్నాను.

హోటలు ఇడ్లీలు మా ఆయనకి పడవు. ఆ సంగతి ఆయన కంటే నాకే బాగా తెలుసు. తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగి, కాగితం రాయించుకుని, మంచి ఇసుక తెచ్చాడు. ఎక్కణ్నుంచి అనుకున్నారు? మా ఊరి పక్కనే పారే వేగావతి నుంచి. రేవు ఇసుక వీధి గుంతల్లోకి పోయింది.

కొత్త ఇసుక మీద నిమ్మకాయ నేనే పిండాను. నురగ రాలేదు. అప్పటికి టబ్బులో చేపలు నీరసించి ఓ మూలకి చేరాయి. గోనెలో మొక్కలు వాడిపోతున్నాయి. మా ఆయన మొదటి గంప నింపి భుజానికెత్తుకుని గుమ్మంలో ఆగాడు. ఎదురుగా హాల్లో ఖాళీ తొట్టి ఉంది. పక్క సందులోంచి వెళితే పెరడు. అక్కడ తాపీమేస్త్రి లక్ష్ముడు కొలతలకి తాడు కడుతున్నాడు. నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను. దేవుడికి మొక్కుకోలేదు గానీ, మొక్కుకున్నంత పనైంది.

ఆయన టబ్బు వైపు ఒకసారి చూశాడు. చూసి, సందులోకి తిరిగి, ఆ గంపని పెరట్లో లక్ష్ముడి ముందు దింపాడు.

నాకు కళ్లు చెమర్చాయి. రెండో గంప నేనే ఎత్తుకుని తొట్టి వైపు నడిచాను.

"బాగా కడగాలే, ఒట్టినే పోసీకు! నీకు తెలీదు!" అని పెరట్లోంచి అరిచాడు.

ఆ గంప తీసుకెళ్లి ఆయన నెత్తినే కుమ్మరిద్దామనిపించింది. కుమ్మరించలేదు. మంచి ఇసుక, మళ్లీ దొరకద్దూ!