గౌరి హిందీ దండోరా

1984 ఆగస్టులో వారం రోజులు ఆగకుండా వాన కురిసింది. యమునకు అవతల ఉన్న రామ్‌బాగ్ బస్తీలో మురుగు కాలవ పొంగి మంచినీళ్ల గొట్టంలోకి దిగింది. నాలుగు రోజుల్లో అరవై మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బస్తీలో పత్రిక తెప్పించుకునేవాళ్లు తక్కువ, చదవగలిగేవాళ్లు అంతకంటే తక్కువ. అందుకని ఆటోకి మైకు కట్టి వీధి వీధికీ హెచ్చరిక చెప్పించాలని ఆరోగ్య శాఖ వాళ్లు అనుకున్నారు. హిందీ ఆఫీసరు సెలవులో ఉండడంతో ఆ పని భీమేశ్వరరావు మీద పడింది.

భీమేశ్వరరావుది అమలాపురం. అదే శాఖలో గుమాస్తా. ఢిల్లీ వచ్చాక ఆఫీసు వాళ్లు పెట్టే హిందీ పరీక్షలు మూడూ వరసగా పాసయ్యాడు. మూడో దానిలో ఢిల్లీలో పుట్టినవాళ్ల కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. హెచ్చరిక రాసే అవకాశం దొరికేసరికి నిఘంటువు ముందు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రాశాడు.

శనివారం తనే మైకు పట్టుకుని బస్తీ అంతా తిరిగాడు. సాయంత్రం సరోజినీ నగర్ క్వార్టరుకి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఏవైందండీ?" అంది భార్య గౌరి.

"ఒకడొచ్చి ఏ పార్టీ అని అడిగాడు. ఒక ముసలాయన కంటి ఆపరేషన్ల క్యాంపు ఎక్కడ అన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను, నా ఎదురుగానే జనం కుళాయి కింద దోసిలి పట్టి తాగుతున్నారు గౌరీ!"

"ఏం చెప్పారేంటి?"

అతను కాగితం తీసి గొంతు సవరించుకుని చదివాడు. "సర్వసాధారణ్ కో సూచిత్ కియా జాతా హై కి జల్ కో క్వథిత్ కర్‌కే హీ సేవన్ కరేఁ."

గౌరి చేతిలోని బెండకాయ పక్కన పెట్టింది. "క్వథిత్ అంటే?"

"మరిగించిన అని. నీళ్లు మరిగించాకే తాగాలని ప్రజలకి తెలియజేస్తున్నాం."

"పదేళ్లయింది ఈ ఊరొచ్చి. కూరలమ్మే భయ్యాతో, పనిమనిషితో, పక్కింటి పంజాబీ దీదీతో రోజూ మాట్లాడతాను. ఆ మాట ఒక్కసారి వినలేదండీ. పెళ్లి మంత్రంలా ఉంది."

"నీది బజారు హిందీ. ప్రభుత్వం మాట్లాడేటప్పుడు ఒక మర్యాద ఉండాలి."

"మర్యాద తాగితే రోగం తగ్గుతుందా?"

అతనికి కోపం వచ్చింది. గబగబా అన్నం తిన్నాడు. చేతులు కడుక్కుంటూ, "రేపు ఆదివారమే కదా, వచ్చి చూడు. అప్పుడు తెలుస్తుంది ఎంత కష్టమో" అన్నాడు. వస్తానంది గౌరి.

మర్నాడు ఉదయం ఆటో బస్తీలోకి మళ్లింది. ముందు సీట్లో డ్రైవరు, వెనక ఈ ఇద్దరూ, వాళ్ల మోకాళ్ల మధ్య బ్యాటరీ పెట్టె. భీమేశ్వరరావు చదవడం మొదలుపెట్టాడు. ఒక పిల్లాడు మైకులోంచి సినిమా పాట వస్తుందేమోనని కాసేపు పరిగెత్తి, రాదని తెలిసి ఆగిపోయాడు. ఇంకెవరూ తల తిప్పలేదు.

మూడో సందు మలుపులో గడప మీద ఒక పడుచు పిల్ల కూర్చుని ఉంది. ఒళ్లో ఏడాది బిడ్డ. పాలసీసాలో సగం పాలు పోసి, పక్కనున్న కుళాయి తిప్పి మిగతా సగం నీళ్లు నింపుతోంది. ఆటో ఆమెకు రెండు గజాల దూరంలో ఉంది. మైకు "సేవన్ కరేఁ" అంటూనే ఉంది. ఆమె సీసాకి మూత బిగించి బిడ్డ నోటి దగ్గరికి తెచ్చింది.

గౌరి భర్త చేతిలోంచి మైకు లాక్కుంది.

"అరే బెహన్, రుకో! మత్ పిలావో!"

ఆగు, పట్టించకు అన్న ఆ కేకకి ఆ పిల్ల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"నల్ కా పానీ గందా హై! మోరీ కా పానీ మిల్ గయా! పీయేగా తో దస్త్ లగ్తా, ఉల్టీ ఆతా, బచ్చా మర్తా! పానీ ఉబాలో, ఠండా కరో, ఫిర్ పియో!"

కుళాయి నీళ్లలో మురుగు కలిసింది, తాగితే విరేచనాలు, వాంతులు పట్టుకుంటాయి, బిడ్డ ప్రాణం పోతుంది, కాచి చల్లార్చి తాగండి అని ఆమె చెబుతోంది. ఎవరో ఫక్కున నవ్వారు. హుక్కా పీలుస్తున్న ఒక పెద్దాయన మంచం మీంచే దిద్దాడు. "బేటీ, ఉల్టీ ఆతా కాదు, ఉల్టీ ఆతీ! ఉల్టీ స్త్రీలింగం!"

"ఆతా బోలో, ఆతీ బోలో బాబూజీ, జాన్ తో జాతా హై!" అంది గౌరి మైకులోనే. ఆతా అన్నా ఆతీ అన్నా పోయేది ప్రాణమే అని ఆమె భావం. అందులోనూ అదే తప్పుంది, హిందీలో జాన్ కూడా స్త్రీలింగమే. సందంతా నవ్వింది. నవ్వుతూనే ఆటో చుట్టూ మూగింది. ఆ పిల్ల సీసాలో పాలు కాలవలో పారబోసి తనూ వచ్చి నిలబడింది.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఎంతసేపు కాచాలి? బొగ్గులు లేకపోతే ఎలా? నిన్నటి నుంచి మా అత్తకి విరేచనాలు, ఏం చెయ్యాలి? గౌరి భర్త వైపు తిరిగి తెలుగులో అడిగేది, అతను చెప్పింది తన హిందీలో అరిచి చెప్పేది. బాగా తెర్లాక ఇంకో ఐదు నిమిషాలు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పొయ్యి మీద కాచుకోండి. రోగికి కాచిన నీళ్లు గ్లాసుడు, అందులో చిటికెడు ఉప్పు, చెంచాడు చక్కెర, మాటిమాటికీ పట్టించండి. నీరసపడితే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపొండి. మధ్యాహ్నానికి పద్నాలుగు సందులు తిరిగారు. గౌరి గొంతు రాసుకుపోయింది.

సోమవారం పై ఆఫీసరు మల్హోత్రా దగ్గరికి ఒక ఫిర్యాదు చేరింది. ఎవరో ఆడమనిషి ప్రభుత్వ మైకులో వ్యాకరణం లేని హిందీ మాట్లాడిందని. ఆయన భీమేశ్వరరావును జీపెక్కించుకుని బస్తీకి వెళ్లాడు.  దారి పొడుగునా భీమేశ్వరరావు సంజాయిషీ మాటలు కూడబలుక్కున్నాడు.

సందు మొదట్లో టీ కొట్టు అవ్వని మల్హోత్రా అడిగాడు, నీళ్ల గురించి ఏమైనా విన్నావా అని.

"వినకేం? మద్రాసీ దీదీ చెప్పింది కదా" అని అవ్వ నడుం మీద చేతులేసుకుంది. "దస్త్ లగ్తా, ఉల్టీ ఆతా, బచ్చా మర్తా! పానీ ఉబాలో!" అచ్చం గౌరిలాగే, తప్పులతో సహా. ఆమె వెనక పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. పక్కింట్లోనూ, ఆ పక్కింట్లోనూ అంతే.

మల్హోత్రా దగ్గరికి వెళ్లి ఆ గిన్నెలోకి తొంగి చూశాడు. "రావ్ సాబ్, మిగతా బస్తీలకీ ఇదే రాయండి. ఆ లింగాలు మాత్రం సరిచెయ్యండి."

"వద్దు సార్" అన్నాడు భీమేశ్వరరావు. ఆఫీసరుకి ఎదురు చెప్పడం అతనికి అదే మొదటిసారి. "తప్పులున్నాయనే అందరూ ఒకరికొకరు చెప్పుకుని నవ్వుతున్నారు. నవ్వినవాళ్లు మరిచిపోరు."

గొట్టం బాగు చెయ్యడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో రామ్‌బాగ్ నుంచి ఆస్పత్రికి వెళ్లినవాళ్లు పదకొండు మందే. అందరూ నడిచి ఇంటికి వచ్చారు.

తరవాతి ఆదివారం ఆటో ఇంకో బస్తీకి బయలుదేరింది. గౌరి ఎర్ర వాయిల్ చీర కట్టుకుని ముందే ఎక్కి కూర్చుంది. భీమేశ్వరరావు ఫ్లాస్కులో మిరియాల పాలు పోసుకుని వచ్చాడు.

"గొంతుకి మంచిది, తాగు."

"ఇందులో నీళ్లు కలిపారా?"

"కలిపాను."

"కాచారా?"

"పది నిమిషాలు కాచాను తల్లీ, తాగు" అన్నాడు. డ్రైవరుకి తెలుగు రాదు. అయినా నవ్వుతూ బండి స్టార్టు చేశాడు.