ఐదుగురు అమ్మాజీలు, ఒక విగ్గు

నేను ఒక విగ్గును. ఆ మాట వినగానే మీరు ఏ బట్టతల పెద్దమనిషినో తలచుకుని నవ్వితే మాత్రం నొచ్చుకుంటాను. నేను దెయ్యం విగ్గును. మోకాళ్ల దాకా దిగే నల్లటి జుట్టు నాది. ఐదు సినిమాల్లో ఐదుసార్లు చచ్చి, ప్రతిసారీ లేచి కూర్చున్నదాన్ని.

నేను పుట్టింది ఒక్క తల మీద కాదు. కొండెక్కి మొక్కు తీర్చుకున్న ఎందరో ఆడవాళ్ల జుట్టును నా ఒంట్లో కలిపారు. ఒక పాయలో పరీక్ష గట్టెక్కిన కూతురుంది, ఇంకో పాయలో జ్వరం తగ్గిన మొగుడున్నాడు, నుదుటి దగ్గర కొంత భాగంలో ఆలస్యంగా పుట్టిన కవలలున్నారు. కృష్ణానగర్‌లో ఒక మేడ మీద గదిలో ఖాదర్ భాయ్ అనే ముసలాయన చిన్న కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనే వలకు ముడివేస్తూ నన్ను రెండు నెలలు అల్లాడు. అంతమంది సంతోషాన్ని ఒకచోట చేర్చి, చివరికి దాన్నొక దెయ్యం నెత్తిన పెట్టారు. మనుషుల లెక్కలు నాకు అప్పుడే కొంచెం అర్థమయ్యాయి.

ఆ దెయ్యం పేరు అమ్మాజీ. సినిమా పేరు 'అటకమీద అమ్మాజీ'. ఒక పాత ఇంట్లో అటక మీద కాపురముంటూ, కింద అద్దెకు దిగినవాళ్ల వంటలకు వంకలు పెట్టే దెయ్యం కథ. నిర్మాత చలమయ్య గారికి ఆ సినిమా మీద పెద్ద ఆశల్లేవు. ఖాళీగా ఉండలేక తీస్తున్నానని అందరితోనూ చెప్పేవారు.

నన్ను చూసుకునే బాధ్యత తాయారుది. పాలకొల్లు పిల్ల. హెయిర్ డ్రెస్సర్‌గా అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటోంది. నన్ను కుంకుడురసంతో రుద్ది, నీడన ఆరబెట్టి, పురిటి బిడ్డకు పట్టినట్టు సాంబ్రాణి పొగ పట్టి, బోర్లించిన మట్టికుండ మీద కూర్చోబెట్టేది. ఆ వేళ్ల మెత్తదనం ఇప్పటికీ నా కుదుళ్లలో ఉంది.

మొదటిరోజు ముహూర్తం షాట్. కొబ్బరికాయ కొట్టడానికి తొమ్మిది నలభై రెండు అని పెట్టారు. అమ్మాజీ వేసే అమ్మాయి ట్రాఫిక్‌లో ఇరుక్కుని తొమ్మిది నలభైకి దిగింది. పంతులుగారు గడియారం చూస్తూ, "అమ్మా, ఇంకో నిమిషం దాటితే దుర్ముహూర్తం, తర్వాత నన్ననకండి" అని అంటున్నారు. తాయారు నన్ను కుండ మీంచి గభాలున లాగింది. ఆ కంగారులో నన్ను ముందుది వెనక్కి, వెనకది ముందుకి పెట్టేసింది. మోకాళ్ల దాకా ఉన్న జుట్టంతా ఆ పిల్ల మొహం మీద తెరలా పడింది. అప్పటికే కెమెరా తిరుగుతోంది. పాపం, ఆ అమ్మాయికి కళ్లు కనబడక 'ఉఫ్' అని ఊదుకుంది. నేను కదలలేదు. నా బరువు మీకు తెలియదు.

అప్పుడు పక్కనే గాలి ఫ్యాను దగ్గర నిలబడ్డ మనిషి, అయ్యో పాపం అనుకున్నాడో ఏమో, మీట నొక్కాడు. నా వెంట్రుకలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. కింద నుంచి గుడ్లు మిటకరిస్తూ ఒక మొహం బయటపడింది. కొబ్బరికాయ చేతిలో పట్టుకున్న చలమయ్య గారు కూలబడి నవ్వారు. పంతులుగారు కూడా.

"ఇది ఉంచేయండి," అన్నారు చలమయ్య గారు కళ్లు తుడుచుకుంటూ. "దెయ్యం ఇలాగే ఉండాలి."

సినిమా వందరోజులు ఆడింది.

హిట్టయిన సినిమాలో ఏ ఒక్కదాన్నీ కదపకూడదన్నది సినిమావాళ్ల నమ్మకం. దాన్ని సెంటిమెంటు అంటారు. రెండో భాగం మొదలైనప్పుడు చలమయ్య గారు గట్టిగా చెప్పేశారు. అదే విగ్గు, అదే తాయారు, అదే ఫ్యాను మనిషి, ముహూర్తం షాట్‌లో విగ్గు వెనక్కి తిప్పే పెట్టాలి. హీరోయిన్ మారినా ఫరవాలేదట. నాకు లోలోపల ఎంత గర్వంగా ఉండేదో.

ఆ ఫ్యాను మనిషి పేరు గురునాథం. కావలి నుంచి వచ్చాడు. తక్కువ మాటలు, ఎక్కువ గాలి. వాళ్లిద్దరి మధ్య మొదటి సంభాషణ నా గురించే జరిగింది.

"గాలి కాస్త తగ్గించండి గురునాథం గారూ. చిక్కులు తీసేది నేను, మీరు కాదు."

"దెయ్యానికి గాలి ఎక్కువే ఉండాలండీ. మనుషులకైతే తగ్గిస్తా."

"అయితే ఒకరోజు చిక్కు మీరు తీయండి, నేను మీట నొక్కుతాను."

"మీట నొక్కడం చూసేదానికే సులువండీ," అన్నాడతను. మర్నాడు పొద్దున్నే వచ్చి, నా కొసన ఒక చిక్కును అరగంట సేపు కూర్చుని తీశాడు. తాయారు పక్కన టీ తాగుతూ చూసింది. ఆ చిక్కు నిజానికి ఆమె కావాలని వదిలేసిందేనని నాకొక్కదానికే తెలుసు.

దగ్గర షాట్లకు పెద్ద ఫ్యాను పనికి రాలేదు. మొత్తం జుట్టు లేచిపోతుంది, ముంగురులు మాత్రమే లేవాలి. గురునాథం ఊరెళ్లి వాళ్లమ్మ పొయ్యి దగ్గరి ఇనప ఊదుగొట్టం పట్టుకొచ్చాడు. కెమెరా కింద నేల మీద వెల్లకిలా పడుకునేవాడు. తాయారు వేలెత్తగానే చప్పుడు కాకుండా ఊదేవాడు. తెర మీద మీరు చూసిన ఆ 'ఉఫ్' అమ్మాజీది కాదు, గురునాథం ఊపిరి. చప్పుడు తర్వాత డబ్బింగులో కలిపేవారు. ఊదేటప్పుడు అతను కెమెరా వైపు గానీ నా వైపు గానీ చూసేవాడు కాదు. పైకెత్తిన ఆ వేలి వైపే చూసేవాడు.

ఇక అమ్మాజీని పిండడం మొదలుపెట్టారు. 'అమ్మాజీ మళ్లీ వచ్చింది', 'అమ్మాజీ అల్లుడు', 'అమ్మాజీ చెల్లెలు', 'అమ్మాజీ ఇన్ బ్యాంకాక్'. ఒక్కో భాగం చివర ఆమెను సీసాలో బంధించారు, తగలబెట్టారు, గంగలో కలిపారు. బ్యాంకాక్‌లో విమానం కూడా ఎక్కించి పంపేశారు. అయినా తెర మీద చివర 'అమ్మాజీ మళ్లీ వస్తుంది' అని పడేది. అమ్మాజీ టిఫిన్ డబ్బాలు, అమ్మాజీ గాలిపటాలు, నా బొమ్మ వేసి అమ్మాజీ తలనూనె కూడా వచ్చాయి. ఆ నూనె వాడే జుట్టు ఇంత పెరిగిందని సీసా మీద రాశారు. నాకు నూనె పడదు. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి.

పత్రికల్లో సమీక్షలు రాసే ఒకాయన, ఎండిన పొదుగును ఇంకా ఎంతకాలం పితుకుతారని ప్రతి భాగానికీ విసుక్కునేవాడు. మర్నాడు ఆయనే పెళ్లాం పిల్లలతో మ్యాట్నీకి వెళ్లేవాడట. తాయారు ఆ సంగతి చెప్పి పగలబడి నవ్వేది. నాకు మాత్రం ఆయన మీద ప్రేమ కలిగింది. పెరుగన్నం రోజూ తింటూనే ఉంటాం, ఏదీ కొత్తదనం అని కంచాన్ని ఎవరూ నిలదీయరు.

హాల్లో జనం అమ్మాజీ మొహం మీద జుట్టు పడగానే నవ్వడం మొదలుపెట్టేవాళ్లు. ఇంకా ఊదలేదు. ఊదుతుందని తెలుసు. ఆ తెలియడంలోనే ఉంది సరదా అంతా.

తాయారుకు మాత్రం కొత్త భాగం రావడం సరదా ఒక్కటే కాదు. గురునాథం కనబడేది అప్పుడే. మిగతా సినిమాల్లో అతనొక యూనిట్, ఆమె ఇంకో యూనిట్. షూటింగు ముగిసిన రోజు గుమ్మడికాయ కొడతారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. మళ్లీ రెండేళ్లు. ఇద్దరి ఫోన్లలోనూ ఇద్దరి నంబర్లున్నాయి. కానీ పనిచేసుకునే వాళ్ల మధ్య ఒక పాత మర్యాద ఉంది. పని ఉంటేనే ఫోను.

అందుకని తాయారు రోజూ దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, "స్వామీ, ఆ దెయ్యాన్ని చల్లగా చూడు" అని దండం పెట్టేది. దెయ్యం క్షేమం కోరి దేవుడికి మొక్కిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

నాలుగో భాగం గుమ్మడికాయ రోజున గురునాథం ఒక వేపచెక్క దువ్వెన తెచ్చిచ్చాడు. వెడల్పు పళ్లది.

"విగ్గుకండీ," అన్నాడు.

"విగ్గుకేనా?" అంది తాయారు.

అతను ఫ్యాను తీగ చుట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు ఇంటికెళ్లాక తాయారు ఆ దువ్వెనతో ముందు తన తల దువ్వుకుంది. తర్వాతే నాది. ఆమె కొబ్బరినూనె వాసన నాకంటింది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఐదో భాగం గుమ్మడికాయ దగ్గర అతను నోరు తెరిచి, "మళ్లీ ఎప్పుడోనండీ" అన్నాడు. ఆమె, "అంతా అమ్మాజీ దయండీ" అంది. పదేళ్లలో వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న మనసులో మాట ఇంతే. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి. నాకు కాస్త నుదుటి దగ్గర పలచబడింది.

ఆరో భాగానికి కొత్త దర్శకుడు వచ్చాడు. మంచి కుర్రాడే. ముహూర్తం రోజున తాయారు కొత్త చీర కట్టుకుని, నన్ను సంచిలో పెట్టుకుని, ఫ్యాను ఉండాల్సిన మూల వైపు చూస్తూ లోపలికొచ్చింది. అక్కడ ఫ్యాను లేదు. అమ్మాజీ వేసే అమ్మాయి తలకు చుక్కల పచ్చ టోపీ ఉంది.

"ఇప్పుడంతా కంప్యూటర్లోనే అక్కా," అన్నాడు దర్శకుడు. "జుట్టూ అందులోనే, గాలీ అందులోనే. ఆ ఉఫ్ కూడా తీసేశాను. ఎన్నిసార్లు చూస్తారు చెప్పండి జనం?"

చలమయ్య గారు తల దించుకుని, "ఆ విగ్గు నువ్వే ఉంచుకో అమ్మా. నీ చేతుల్లోనే పెరిగింది కదా" అన్నారు.

బస్సులో తాయారు సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీ బయట వాన మొదలైంది. ఇక అమ్మాజీకి వాళ్లిద్దరితో పని లేదు. పని లేకపోతే ఫోను లేదు. సంచి మూతి మీద ఆమె చెయ్యి బిగిసి ఉంది. నాకు ఊపిరాడనట్టనిపించింది. నాకు ఊపిరే లేదని అప్పుడు గుర్తుకు రాలేదు.

నాలుగురోజులు వాన వదల్లేదు. ఐదోరోజు మధ్యాహ్నం తాయారు ఏం ఆలోచించిందో, శుభ్రంగా ఉన్న నన్ను తీసి, కుంకుడురసంలో ముంచి తలంటింది. నీళ్లోడుతున్న నన్ను కుండ మీద పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంది.

"గురునాథం గారూ, నేనండి, తాయార్ని. వానలు కదండీ, విగ్గు ఆరట్లేదు. మీ ఫ్యాను కావాల్సొచ్చింది."

అవతల కూడా వాన చప్పుడు వినబడుతోంది.

"ఫ్యాను యూనిట్ వాళ్లదండీ," అన్నాడతను. "నా కాడ ఊదుగొట్టం ఉంది. తెచ్చేదా?"

"ఆయ్, తెండి."

ఊదుగొట్టంతో మోకాళ్ల దాకా ఉన్న విగ్గును ఆరబెట్టాలంటే ఎన్నాళ్లు పడుతుందో ఇద్దరికీ తెలుసు. అరగంటలో తడిసి ముద్దయి వచ్చాడు. తువ్వాలు ఇచ్చింది. తల తుడుచుకుని, కుండ ముందు చతికిలబడి, నిజంగానే ఊదడం మొదలుపెట్టాడు. ఒక పాయ, తర్వాత ఇంకో పాయ. ఆమె టీ పెట్టింది. టీ తాగాడు. మళ్లీ ఊదాడు.

"ఈసారి పిలుస్తారనుకున్నానండీ," అన్నాడు కాసేపటికి. "గొట్టం తోమి పెట్టుకున్నా."

"నేను కొత్త చీర కొనుక్కున్నాను."

"ఇంక ఏడో భాగం వచ్చినా మనకేం పనుంది లేండి."

తాయారు లేచి వచ్చింది. కుండ మీది నుంచి నన్ను తీసి తన తలకు పెట్టుకుంది. వెనకది ముందుకి. ఈసారి పొరపాటున కాదు. నా తడి జుట్టంతా ఆమె మొహం మీద పడింది. ఆ తెర వెనక ఆమె బుగ్గలు వెచ్చగా తగిలాయి.

"మొహం కనబడితే చెప్పలేనండి, అందుకని," అంది లోపలి నుంచి. "ప్రతి భాగం గుమ్మడికాయ కొట్టేటప్పుడు మీరేదో ఒక మాటంటారని చూశాను. ఐదు కాయలు పగిలాయి. ఇంకో భాగం దాకా నేను ఆగలేనండి."

 తర్వాత ఆమె, పాత అలవాటు చొప్పున, ఒక వేలు పైకెత్తింది.

గురునాథం ఊదుగొట్టం పక్కన పెట్టేశాడు. దగ్గరికి వచ్చాడు. ఊదాడు. ఐదు సినిమాల్లో నా మీద ఊదిన ఊపిరే. పొడిగా ఉన్నప్పుడే ఎంత బరువో చెప్పాను కదా, తడిస్తే ఇక చెప్పక్కర్లేదు. అయినా లేచాను. మీరు నమ్మకపోతే మానేయండి. కింద నుంచి ఆమె మొహం బయటపడింది, కళ్లు గట్టిగా మూసుకుని.

"కళ్లు తెరవండి తాయారు గారూ," అన్నాడతను. "పై నెల్లో మంచి ముహూర్తాలుండాయంట. మా అమ్మ రెండేళ్ల నుంచి చూసి పెట్టుకొని ఉండాది."

పెళ్లైన పదో నెలకు ఆరో భాగం విడుదలైంది. మ్యాట్నీకి వెళ్లారు. "పెద్దదాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తామా" అంటూ తాయారు నన్నూ సంచిలో పెట్టుకుంది. కంప్యూటర్ జుట్టు చాలా అందంగా ఉంది, అబద్ధమెందుకు. ఒక్కో వెంట్రుకా నీటిపాములా కదిలింది. ఒకచోట అది అమ్మాజీ మొహం మీద పడింది. దర్శకుడు అక్కడ భయం పుట్టించాలని శబ్దమంతా ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలో ఎవరో 'ఉఫ్' అన్నారు. వెనక వరసలో ఇంకొకరు. క్షణంలో హాలంతా కలిసి ఊదింది, చంటిపిల్లలతో సహా. తెర మీద జుట్టు దాని పాటికి అది తప్పుకుంది. జనం తామే తప్పించామన్నంత గర్వంగా చప్పట్లు కొట్టారు. గురునాథం కూడా ఊదాడు. పదేళ్లుగా చప్పుడు కాకుండా ఊదినవాడు, అంత గట్టిగా ఊదడం అదే మొదలు.

"చూశారా," అంది తాయారు అతని భుజం మీద వాలి, "మీ పని ఇంతమంది పంచుకున్నారు."

ఇప్పుడు నేను కృష్ణానగర్‌లో ఒక రెండుగదుల వాటాలో, అటక మీద ఉంటున్నాను. బోర్లించిన మట్టికుండ, పక్కన వేపచెక్క దువ్వెన. కిందినుంచి చేపల పులుసు వాసన వస్తుంది. ఉప్పు ఎక్కువైందనో, చింతపండు తగ్గిందనో అమ్మాజీలా వంక పెట్టాలనిపిస్తుంది గానీ, వాళ్ల నవ్వులు విని ఊరుకుంటాను.

నెలకొకసారి ఆదివారం నన్ను కిందికి దించి తలంటుతారు. ఆరాక తాయారు నన్ను తన తలకు పెట్టుకుంటుంది, వెనకది ముందుకి. వేలెత్తుతుంది. అతను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడతాడు. ఏం జరగబోతోందో ముగ్గురికీ తెలుసు. ఇది ఎన్నో భాగమో నేను లెక్కపెట్టడం మానేశాను. ప్రతిసారీ నా తెర వెనక, అతనింకా ఊదకముందే, ఆమె నవ్వేస్తుంది.