నికూబె ట్రాన్స్‌ఫార్మర్

లారీ బురదలో దిగబడితే నికూబె బస్తీ జనమంతా వచ్చి తోశారు.

తుఫాను వెళ్లిపోయాక కాసిన తొలి ఎండ అది. కొబ్బరిచెట్లు నడుములు విరిగి దారికి అడ్డంగా పడి ఉన్నాయి. రేకులు ఎగిరిపోయిన ఇళ్లలోంచి ఆడవాళ్లు తడిసిన పరుపులు బయటికి లాగి ఆరేస్తున్నారు. కెలిమానె పట్నంలో ఏ మూలా కరెంటు లేదు. అలాంటప్పుడు క్రేను లారీ బస్తీలోకి రావడం చూసి జనానికి ప్రాణం లేచొచ్చింది. స్తంభాల మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను క్రేను ఎత్తి లారీలో దించుతుంటే చప్పట్లు కొట్టారు. చక్రాలు బురదలో ఊరికే తిరుగుతుంటే ముసలివాళ్లు కూడా చొక్కాలు విప్పి భుజాలు ఆనించారు.

లారీ మీద, ట్రాన్స్‌ఫార్మర్‌కు కట్టిన గొలుసు పట్టుకుని సిప్రియాను నిలబడి ఉన్నాడు. కంట్రాక్టరు దగ్గర లైన్‌మన్. పుట్టిందీ పెరిగిందీ ఈ బస్తీలోనే.

"రిపేరుకే గదా తమ్ముడూ?" కింద నుంచి పక్కింటి ఫెలిస్మీనా అడిగింది. రొయ్యల కంపెనీలో పొట్టు వొలిచే పని ఆమెది. నడుముకు చుట్టిన కపులానా గుడ్డ మోకాళ్ల పైకి దోపుకుంది. మొహమంతా బురద చింది ఉంది.

"రిపేరుకే అక్కా."

"తొందరగా తెస్తారా?"

"ఎంతలోకి, తెచ్చేస్తాం."

"పట్టండర్రా ఇంకో పట్టు! లారీ మీద మనోడున్నాడు. మన కరెంటు ఎక్కడికీ పోదు!" అని ఆమె కేకేసింది. జనం నవ్వారు. అందరూ కలిసి ఒక్కసారిగా తోశారు. లారీ కదిలింది.

సిప్రియాను వెనక్కి చూడలేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ రోగమూ లేదని అతనికి తెలుసు. పెద్ద లైను బాగుచేసి ఫ్యూజులు వేస్తే చాలు, బస్తీలో దీపాలు వెలిగేవి. చెడిపోయింది నది ఒడ్డున ఉన్న రొయ్యల కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్. వరద నీళ్లలో మునిగి కాలిపోయింది. కోల్డ్ స్టోరేజీ నిండా రొయ్యలున్నాయి. అవి ఓడెక్కి ఎక్కడెక్కడి హోటళ్లకో పోవాలి. నికూబె మనుషులు ఎక్కడికీ పోనక్కర్లేదు.

"కొత్తది వచ్చేదాకానే రా" అన్నాడు కంట్రాక్టరు వాజ్, ఆ రోజు పొద్దున్నే, లారీ బయల్దేరకముందు అతన్ని పక్కకు పిలిచి. "మీ వాళ్లకు చీకటి కొత్తా ఏంటి? నోరు జారావో, ఈ జిల్లాలో ఏ కంట్రాక్టరూ నిన్ను స్తంభం ఎక్కనివ్వడు. నోరు మూసుకుంటే రోజూ సాయంత్రం కంపెనీ బోరు నీళ్లు పట్టుకెళ్లు. పిల్లలున్నవాడివి."

బస్తీ దాటాక క్రేను నడిపే నెలీతు ఒక్క మాట అన్నాడు. "చప్పట్లు కొట్టారు రా మనకి." లారీ రొయ్యల కంపెనీ గేటులోకి తిరిగింది.

కరెంటు పోవడమంటే దీపం పోవడమేనని కరెంటు బాగా ఉన్నవాళ్లు అనుకుంటారు. నికూబెలో మొదట పిండిమర ఆగింది. ఆడవాళ్లు మొక్కజొన్నలు రోట్లో పోసి చేతులు బొబ్బలెక్కేలా దంచారు. చేపలమ్మే వాళ్ల ఐసు కరిగిపోయి సరుకు కుళ్లింది. కుట్టుమిషన్ల వాళ్లు చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఆఖరికి అన్నింటికన్నా పెద్ద దెబ్బ తగిలింది. మంచినీళ్ల మోటారు ఆగింది. కుళాయి దగ్గర బారులు తీర్చిన బిందెలు అలాగే ఎండిపోయాయి. బావుల్లో వరద నీళ్లున్నాయి. ఆ నీళ్లలో మరుగుదొడ్లు కలిశాయి. అందరికీ తెలుసు. తెలిసీ తోడుకున్నారు. కాచుకుందామంటే కట్టెలన్నీ తడిసి ఉన్నాయి.

సిప్రియాను ఇంట్లో మాత్రం తలుపు వెనక గోనెసంచి కప్పిన డబ్బాల్లో కంపెనీ నీళ్లున్నాయి.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు భార్య అల్జీరాతో.

"ఎందుకు చెప్పకూడదు? ఎక్కడివి ఇవి?"

"చెప్పకన్నాను గదా!" గొంతు పెద్దదయింది. అల్జీరా అతని మొహం చూసింది. సగం అర్థమైంది ఆమెకు.

ఫెలిస్మీనా చెల్లెలు ఇసౌరా ఒక మధ్యాహ్నం చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెళ్లీడు పిల్ల. టీచరు ట్రైనింగు చదువుతోంది. ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ నవ్వించేది. ఆ రోజు నవ్వించలేదు.

"వదినా, మంచినీళ్లేమన్నా ఉన్నాయా? కడుపులో ఎట్టాగో ఉంది. ఆ బావి నీళ్లు గొంతు దిగట్లేదు."

సిప్రియాను లోపల మంచం మీద పడుకుని వింటున్నాడు. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. అల్జీరా లోపలికి చూసింది, అతనేమంటాడోనని. అతను కళ్లు మూసుకున్నాడు.

"నీళ్లు లేవమ్మా" అంది అల్జీరా. "మేమూ బావి నీళ్లే తాగుతున్నాం."

"సర్లే వదినా." ఆ పిల్ల వెళ్లిపోయింది.

అప్పటికే బస్తీలో కలరా మొదలైంది. జబ్బుపడిన వాళ్లను బడి ఆవరణలో వేసిన డేరాలకు మోస్తున్నారు. ఆ రాత్రే ఇసౌరాను సైకిల్ టాక్సీ వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా తనకు కట్టేసుకుని, ఫెలిస్మీనా తీసుకెళ్లింది. డేరాలో సెలైన్లు అయిపోయాయి. ఇసౌరా తెల్లారేలోగా చచ్చిపోయింది.

ఇసౌరాకు తవ్వుతున్న గోతిలో నీళ్లు ఊరుతుంటే సిప్రియాను డబ్బాతో తోడిపోశాడు. శవపెట్టెకు ఒక పక్క భుజం పట్టాడు. అంతా అయ్యాక ఫెలిస్మీనా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పగలంతా స్తంభాలెక్కి దిగి, ఇక్కడ మళ్లీ గొయ్యి తవ్వావు. నీ రుణం తీర్చుకోలేను తమ్ముడూ. ట్రాన్స్‌ఫార్మర్ తొందరగా తెప్పించు. ఇంకో పిల్ల పోకముందే తెప్పించు."

ఆ చెయ్యి విడిపించుకుని పరుగెత్తాలనిపించింది సిప్రియానుకు. ఇంటికొచ్చి డబ్బాల మీది గోనెసంచి లాగేశాడు. నీళ్లు పారబొయ్యబోయాడు. అల్జీరా అడ్డుపడింది.

"పారబోస్తే ఆ పిల్ల లేచొస్తుందా? నా నోటితో లేవన్నాను. నీకు ఏడుపన్నా వస్తోంది. నాకు అదీ రావట్లేదు. ఆ నీళ్లతోనే మన పిల్లలకు గంజి కాశానయ్యా!"

మర్నాడు మధ్యాహ్నం చేపల బజారు షెడ్డు కింద బస్తీ మీటింగు పెట్టారు. సగం రేకులు లేవు. ఎండ నేరుగా నెత్తిన పడుతోంది. బస్తీ సెక్రటరీ మార్సాల్ బల్ల మీదికెక్కాడు.

"ఓపిక పట్టండి. ఇది ప్రకృతి చేసిన పని. ప్రభుత్వం ఏం చేస్తుంది, కంపెనీ ఏం చేస్తుంది? మనం అర్జీ పెడదాం. పెద్దలు చూస్తారు."

"గాలి అందరి మీదా వీచింది గదా మార్సాల్ గారూ" అంది ఫెలిస్మీనా కింద కూర్చునే. "రొయ్యల మీద ఎందుకు వీచలేదు? కోల్డ్ స్టోరేజీ గోడవతల మిషన్లు మోగుతున్నాయి. నేను చెవులారా విన్నాను."

"అది జనరేటరు."

"జనరేటరు చప్పుడు నాకు తెలవదా? అక్కడే గదా నా చేతులు పుండ్లు పడేదాకా పని చేసేది."

"దేవుడి పరీక్ష తల్లీ" అన్నాడు ముసలి జాలరి అమీసి.

"దేవుడు బీదోళ్లకే పరీక్ష పెడతాడా తాతా? వాజ్‌కి ఒక్కటన్నా పెట్టాడా?" ఎవరో వెనక నుంచి అరిచారు. నవ్వులు, తిట్లు కలిసిపోయాయి. మార్సాల్ చేతులూపుతున్నాడు.

సిప్రియాను లేచాడు. లేచినందుకు తనకే భయమేసింది.

"మన ట్రాన్స్‌ఫార్మర్ ఆ గోడవతలే ఉంది" అన్నాడు.

వినపడలేదు. మళ్లీ అన్నాడు, అరిచినట్టుగా. "కంపెనీలో ఉంది! రిపేరుకు పోలేదు. నేనే బిగించాను. బాగున్నదాన్ని దించి తీసుకెళ్లి వాళ్లకు బిగించాను. మీకు అబద్ధం చెప్పాను."

ముందుగా అమీసే కదిలాడు. ఆ ముసలాయన వచ్చి చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు. తర్వాత చాలామంది మీద పడ్డారు. సిప్రియాను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"నన్ను కూడా కొట్టండి!" అల్జీరా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఇసౌరా నీళ్లడిగితే లేవన్నాను. మా ఇంట్లో ఉన్నాయి. కంపెనీ నీళ్లు. తలుపు వెనకే ఉన్నాయి."

అప్పుడు ఫెలిస్మీనా లేచింది. అందరూ దారిచ్చారు. ఆమె అల్జీరా ముందుకు వచ్చి నిలబడింది. చెయ్యెత్తుతుందనుకున్నారు. ఎత్తలేదు. సిప్రియాను ఆమె కాళ్ల మీద పడబోయాడు.

"లే" అంది. "నా కాళ్లు పట్టుకుంటే నీ బరువు దిగుద్దేమో. నాది దిగదు. ఏడవాలంటే ఇంటికెళ్లి ఏడువు. ఇక్కడ మాకు కావలసింది చెప్పు. ఆ కంపెనీకి కరెంటు ఎక్కడి నుంచి పోతోంది?"

"రోడ్డు మీది స్తంభం నుంచి."

"దాన్ని ఆపగలవా?"

"ఆపగలను."

ఆమె జనం వైపు తిరిగింది. "మన చేతుల్తో తోసి పంపించాం. మన చేతుల్తోనే తెచ్చుకుందాం. అర్జీ మార్సాల్ గారు రాసుకుంటారు. రేపు పొద్దున గేటు దగ్గరికి ఎవరొస్తారు?"

చేతులు లేచాయి. అమీసి రెండు చేతులూ ఎత్తాడు.

పొద్దున్నే ఆడవాళ్లు ఖాళీ బిందెలు పట్టుకుని కంపెనీ గేటు ముందు బైఠాయించారు. సరుకు లారీలు లోపలే నిలిచిపోయాయి. డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి ఊరుకున్నారు. రొయ్యలు వొలిచే ఆడవాళ్లను అప్పుడప్పుడే మళ్లీ పనిలోకి పిలిచారు. వాళ్లు గోడ మీంచి తలలు పెట్టి చూశారు. ఫెలిస్మీనా వాళ్లకు వినపడేలా విషయం చెప్పింది. ఒకామె చేతికున్న తొడుగులు తీసి గోడ ఇవతలికి విసిరేసింది. చిన్న గేటు తోసుకుని అందరూ బయటికి వచ్చి బిందెల మధ్య కూర్చున్నారు.

వాజ్ తన క్రేను లారీనీ, లైన్‌మన్లనీ వెంటేసుకుని వచ్చాడు. వెనక పోలీసు జీపులు.

"ఎవడ్రా వీళ్లను ఎగదోసింది?"

సిప్రియాను ముందుకొచ్చాడు. ఫ్యూజులు దించే పొడవాటి కర్ర లారీ మీద ఉంది. చెయ్యి చాచాడు. నెలీతు వాజ్ వైపు ఒకసారి చూసి, కర్ర తీసి సిప్రియాను చేతిలో పెట్టాడు.

ఒక్కో ఫ్యూజూ ఊడిపడుతుంటే స్తంభం మీద నిప్పులు చిమ్మాయి. గోడవతల మిషన్ల చప్పుడు చచ్చిపోయింది. అప్పటిదాకా ఆ చప్పుడు ఎంత పెద్దదో ఎవరికీ తెలియలేదు.

"వెయ్యండ్రా మళ్లీ!" వాజ్ అరిచాడు. "నెలీతూ! నువ్వు!"

"నా చెయ్యి లేవటం లేదు సార్. నిన్న కలరా శవపెట్టె మోశాను" అన్నాడు నెలీతు.

"నువ్వురా!"

"మా ఇంట్లోనూ చీకటే సార్" అన్నాడు రెండోవాడు. మిగిలినవాళ్లు నడుములకున్న బెల్టులు విప్పి లారీ చక్రాల దగ్గర పడేశారు. వాజ్ కర్ర తనే అందుకున్నాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక దిక్కులు చూశాడు. బిందెల మధ్య నుంచి నవ్వు లేచింది.

పోలీసులు సిప్రియాను రెక్కలు విరిచి పట్టుకుని జీపులోకి తోశారు. లాఠీలు కొందరి వీపుల మీద విరిగాయి. ఆడవాళ్లు లేవలేదు. జీపు కదులుతుంటే సిప్రియాను ఫెలిస్మీనా కోసం చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. గేటు వైపే చూస్తోంది.

తర్వాత జరిగింది అతనికి స్టేషన్లో కానిస్టేబుల్ చెప్పాడు. ఐసు కరిగి గేటు కింద నుంచి కంపు నీళ్లు పారాయట. కంపెనీ మేనేజరు వాజ్‌ను అందరిముందూ తిట్టాడట. మర్నాటికి ట్రాన్స్‌ఫార్మర్ క్రేనెక్కిందట. నెలీతు పక్కన, లారీ నిండా ఆడవాళ్లే కూర్చుని బస్తీకి తీసుకెళ్లారట. మోటారు తిరిగిందట.

"నీ మీద మాత్రం కేసు గట్టిగానే కడుతున్నారు" అన్నాడు కానిస్టేబుల్. సిప్రియాను తలూపాడు. మోటారు తిరిగిందన్న మాటకు ఒళ్లు పులకరించింది. వెంటనే చెంబు పట్టుకున్న ఇసౌరా కళ్లముందు నిలబడింది. ఆ సంతోషం అతనికి దక్కలేదు.

ఒక పొద్దున కటకటాల కిటికీ దగ్గర అలికిడైంది. ఫెలిస్మీనా. వెనక పెద్ద గుంపు. చాలామంది తెలియని మొహాలు.

"నిన్ను క్షమించానని చెప్పటానికి రాలేదు" అంది.

"తెలుసక్కా."

"వీళ్లది మురుపె బస్తీ. వీళ్ల ట్రాన్స్‌ఫార్మర్ కూడా రిపేరుకేనని తీసుకెళ్లారంట. మనది తెచ్చుకున్నామని విని వచ్చారు. దాన్ని దించింది ఎవరో నీకు తెలుసా?"

సిప్రియాను కటకటాలు పట్టుకున్నాడు. ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ రోజు మీటింగులో తనూ చెప్పలేదు. తన బస్తీ వరకే చెప్పి ఊరుకున్నాడు.

"నేనే" అన్నాడు.

గుంపులోంచి ఒక నడివయసు ఆవిడ కిటికీ దగ్గరకొచ్చింది. అతని మొహంలోకి తేరిపార చూసింది. "నువ్వేనా నాయనా! ఎండలో పని చేస్తున్నావని నీకు కొబ్బరిబొండం కొట్టిచ్చాను. గుర్తుందా?"

"గుర్తుందమ్మా."

"ఎక్కడ పెట్టావు మా కరెంటు?"

"వాజ్ కొత్త హోటలు వెనక. ఎర్ర రేకుల షెడ్డులో."

"నోర్ముయ్!" కానిస్టేబుల్ లోపలికి దూసుకొచ్చాడు. సిప్రియాను కిటికీ వదల్లేదు. వెనక నుంచి గుంజుతుంటే ఇంకా గట్టిగా అరిచాడు. "ఇంకోటి జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉంది! రైలు గేటు బస్తీది! వాళ్లక్కూడా చెప్పండి! అదీ నేనే దించాను!"

లాఠీ వేళ్ల మీద పడింది. చేతులు జారాయి. కిందపడ్డచోటి నుంచే వాళ్ల అడుగుల చప్పుడు విన్నాడు. హోటలు వైపు మళ్లుతున్నారు. ముందు మురుపె ఆడవాళ్లు నడుస్తున్నారు. వెనక నికూబె వాళ్లు.

ఫెలిస్మీనా ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

"ఇంకా ఎక్కడెక్కడ దించావో గుర్తు తెచ్చుకో" అంది. "రేపు మళ్లీ వస్తాం."